పద్నాలుగో తూము ద్రోహి

కాలవల శాఖలో ఇకమీదట ప్రతి ఫైలూ గూఢచారి సినిమా కథలాగే నడవాలన్న ఉత్తరువు సోమవారం నుంచి అమల్లోకి వచ్చింది. పద్నాలుగో తూము షట్టరు మంగళవారం విరిగింది. ఒక్కరోజు ముందు విరిగుంటే మామూలు కాగితం మీద, మామూలు భాషలో, మామూలు ఆలస్యంతో బాగయ్యేది. ఇనుముకు క్యాలెండరు తెలియదు.

ఆ తూము లస్కరు ఏసోబు. లస్కరంటే కాలవ వెంబడి తిరుగుతూ, తూములు ఎత్తి దించుతూ, వంతు ప్రకారం చేలకు నీళ్లొదిలే మనిషి. ముప్పైయొక్కేళ్లుగా అదే పని. అందులో పంతొమ్మిదేళ్లు టెంపరరీ, పన్నెండేళ్లు పర్మనెంటు. రిటైరు కావటానికి ఇంకా రెండేళ్లుంది. మాట తక్కువ. ఎవరన్నా పలకరిస్తే ముందు కాలవ వంక చూసి, తర్వాత మనిషి వంక చూస్తాడు. అతన్ని ఎప్పుడూ విడవనిది ఒక్కటే, షట్టరు తిప్పే ఇనప హ్యాండిలు. పగలు సైకిలు క్యారేజీకి కట్టి ఉంటుంది. ఇంట్లో నులకమంచం కింద ఉంటుంది. తూము దగ్గర వదిలేస్తే దారినపోయే ప్రతివాడూ తన చేనికి తిప్పుకుంటాడు గనక లస్కర్లు దాన్ని తుండుగుడ్డలాగా వెంటేసుకుని తిరుగుతారు. ఏ తూము హ్యాండిలు ఆ తూముకే, ఇంకోదానికి పట్టదు. పద్నాలుగో తూముకు ఉన్నది అదొక్కటే.

వంతు అయిపోయి షట్టరు దించుతుంటే స్క్రూరాడ్డు మధ్యకు తెగింది. తుప్పు లోపల్లోపలే తినేసింది. షట్టరు దబ్బున కింద కూచుంది. ఎగువన కాలవ నిండుగా ఉంది. దిగువన మూడొందల ఎకరాల వరి పొట్టకొచ్చి ఉంది. మధ్యలో ఆ రేకు. వెల్డింగు బాజీని పిలిచి, ఒక చైను కప్పీ కట్టి, నలుగురు మనుషులు నిలబడితే ఒక పూట పని. కాని గవర్నమెంటు షట్టరు మీద మంజూరు లేకుండా ఎవరన్నా చెయ్యేస్తే నేరం. లస్కరే చెయ్యేస్తే ఉద్యోగం పోతుంది.

ఏసోబు చేలోకి దిగి నేల చూశాడు. అతనికి ఒక లెక్కుంది. నేల పగుల్లో చిటికెనవేలు దిగితే పైరుకు దాహం. బొటనవేలు దిగితే కష్టం. హ్యాండిలు కొస దిగితే ఇక మరుసటి రోజు నీళ్లు పెట్టాల్సిందే, లేకపోతే గింజ పట్టక అంతా తాలే. ఆవేళకి ఇంకా పగుళ్లు రాలేదు.

"ఎన్నాళ్లాగుద్ది ఏసోబన్నా?" అన్నాడు కౌలుకు మూడెకరాలు చేస్తున్న మీరావలి.

"పది రోజులు. పదకొండో రోజు ఆగదు."

"ఆఫీసులో ఎన్నాళ్లు పడుద్ది?"

ఏసోబు కాలవ వంక చూశాడు.

డివిజన్ ఆఫీసులో చిన్న ఇంజినీరు, ఏఈ ప్రసూన మేడం కుర్రమనిషి, పనిమంతురాలు. ఏసోబు చెప్పింది విని పావుగంటలో ఒక పేజీ రిపోర్టు రాసింది. ఎక్కడ విరిగింది, ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి. హెడ్డు గుమాస్తా విశ్వేశ్వరం దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తిరిగి ఆమె బల్లమీదే పెట్టాడు.

"ఇందులో కథేదమ్మా?"

కళ్లజోడు పెట్టుకుని ఉత్తరువు చదివి వినిపించాడు. "ప్రజలు గూఢచారి చిత్రములను రెండున్నర గంటలపాటు లఘుశంకకైనను లేవక వీక్షించుచుండగా, మన శాఖ ఫైళ్లను పై అధికారులు పదకొండవ పంక్తి దాటి చదువుటలేదని ఒక సర్వేలో వెల్లడియైనందున, శ్రీయుత కమిషనరు గారు మిక్కిలి విచారించి, ఇకపై ప్రతిపాదనలన్నియు ఈ క్రింది కథాక్రమమున సమర్పించవలెనని ఆదేశించుటయైనది." క్రింది క్రమం పేజీన్నర ఉంది. ముందు నాయకుని ప్రవేశం. తర్వాత అతనికొక రహస్య కార్యం. శత్రువు. ఒక విదేశీ ప్రదేశం. మన లోపలే ఉన్న ద్రోహి. ద్రోహి బయటపడగానే విశ్రాంతి. ఆ తర్వాత గడియారం పెట్టుకుని పతాక సన్నివేశం. చివర్న ఒక సందేహం. ఫారంలో ఏ గడీ ఖాళీగా ఉండరాదు.

ప్రసూన మేడం కొత్త కాగితం తీసుకుంది. "శత్రువెవరు ఏసోబూ?"

"తుప్పండి."

ఆమె అదే రాసింది. మర్నాటికి డివిజన్‌కు పెద్ద ఇంజినీరైన ఈఈ ధనుంజయరావు గారి గదినుంచి ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. 'తుప్పునకు గల దురుద్దేశమేమి? అది ఏ శక్తుల తరఫున పనిచేయుచున్నది? వివరించవలెను.' దాని కింద ఇంకొకటి. 'నాయకుడుగా లస్కరును చూపుట శాఖా గౌరవమునకు తగదు. నాయకుడు గెజిటెడ్ హోదాకు తగ్గరాదు.' డివిజన్‌లో ఆ హోదాలో ఉన్న మగమనిషి ఈఈ గారొక్కరే గనక నాయకుడు ఆయనే అయ్యారు. నాయకుని ప్రవేశానికి ఫోటో జతపరచాలి. కదిలే జీపులోంచి దూకుతూ ఆయన మూడుసార్లు ఫోటో తీయించుకున్నారు. మూడోసారి మడమ బెణికింది. ఆ ఫోటోలో ముఖంలో భావం బాగా వచ్చిందని అదే ఖాయం చేశారు.

విదేశీ ప్రదేశం దగ్గర ఫైలు ఒక రోజంతా ఆగింది. చివరికి ఏసోబే అన్నాడు, "షట్టరు మీద ఏవో ఇంగిలీషు అక్షరాలు పోతపోసి ఉన్నయ్యండి. తెల్లోళ్ల ఊరి పేరంట."

ఈఈ గారు కుంటుకుంటూనే లేచి నిలబడ్డారు. "చూశావటమ్మా! మూలాలు విదేశాల్లో ఉన్నాయి. నేను మొదటినుంచీ అనుమానిస్తూనే ఉన్నాను." ఆ సాయంత్రమే ఆయన పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టారు.

అప్పటికి నాలుగు రోజులయ్యాయి. పగుల్లో చిటికెనవేలు దిగుతోంది.

ద్రోహి దగ్గరికొచ్చేసరికి ఆఫీసులో పనంతా ఆగిపోయింది. ద్రోహికి పేరు, హోదా, ఉద్యోగి నంబరు కావాలి. బయటివాడు పనికిరాడు, లోపలివాడే కావాలి. ఫైల్లో ద్రోహిగా ఎక్కిన వెంటనే సస్పెన్షను, కథ ముగిశాక తిరిగి తీసుకుంటారు. ఎవరూ ముందుకు రాలేదు. విశ్వేశ్వరం ఆలోచించి, నీళ్ల వంతుల పట్టిక లాగానే ద్రోహుల వంతుల పట్టిక ఒకటి గీశాడు. నీళ్లకైతే ఎగువవాళ్లది మొదటి వంతు, దిగువవాళ్లది ఆఖరు. ద్రోహానికి మాత్రం కింది నుంచి మొదలుపెట్టాడు. దానితో గొడవ మొదలైంది.

"పోయినేడు ఎన్నికల డ్యూటీ నాకే వేశారు, అంతకు ముందు జనాభా లెక్కలూ నాకే. ఈ ఏడు ద్రోహం నావల్ల కాదండీ," అన్నాడు అటెండరు.

"మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం సార్. ఈ టైములో ద్రోహి అని ఆర్డరొస్తే మగపెళ్లివారికి ఏం చెప్పమంటారు?" అన్నాడు టైపిస్టు.

యూనియన్‌వాళ్లు జోక్యం చేసుకుని, ద్రోహానికి తాము సూత్రప్రాయంగా వ్యతిరేకం కాదనీ, అయితే ద్రోహం చేసిన రోజులకు ప్రత్యేక సెలవు ఇవ్వాలనీ మెమొరాండం ఇచ్చారు. చర్చలు రెండు విడతలు జరిగాయి. రెండూ సుహృద్భావ వాతావరణంలోనే విఫలమయ్యాయి.

ఏసోబు రోజూ ఆఫీసుకొచ్చి గోడవారగా నిలబడేవాడు. ఏడో రోజు ఈఈ గారు అతన్ని లోపలికి పిలిచారు. బల్లమీద ఒక పెద్ద గడియారం ఉంది.

"పతాక సన్నివేశానికి ముందస్తు ఏర్పాట్లు చేసుకోవాలోయ్. ఆ పైరు సరిగ్గా ఎప్పుడు చచ్చిపోతుంది?"

"ఇంకో మూడు నాలుగు రోజులండి."

"రోజులు కాదు. ఏ గంటకి, ఏ నిమిషానికి, ఏ సెకనుకి? దానికి సరిగ్గా ఒక సెకను ముందు నీళ్లు వదలాలి. రెండు సెకన్లు ముందు వదిలినా ఉత్కంఠ చెడిపోతుంది. ఆ సెకను ధ్రువీకరించమని వ్యవసాయ శాఖవారికి లేఖ రాశాం."

ఏసోబు గడియారాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. "పైరు గడియారం చూసుకోదు సార్."

"అందుకేనయ్యా దాని తరఫున మనం చూసేది," అన్నారు ఈఈ గారు ఎంతో దయగా. తర్వాత గొంతు తగ్గించి, "ప్రజల్లో ఉత్కంఠ ఎలా ఉంది?"

"ఏడుస్తున్నారండి."

"మంచిది. రాసుకోండి విశ్వేశ్వరం."

తొమ్మిదో రోజు ఏసోబు నేల చూసుకుని వచ్చాడు. పగుల్లో బొటనవేలు గోరు దాటి దిగింది. హెడ్డు గుమాస్తా బల్ల ముందు నిలబడి అడిగాడు, "ఇవాళ ద్రోహి దొరికితే పనెప్పుడు మొదలుపెడతారయ్యా?"

"ద్రోహి బయటపడగానే విశ్రాంతి గదా. పదిహేను రోజులకు తక్కువ కాకుండా ఇవ్వాలని ఉంది. ఆ పదిహేను రోజులూ ఎవరూ ఏమీ చెయ్యకూడదు. ఉత్కంఠ పెరగాలి."

పదిహేను రోజులకు ఆ చేలో గడ్డి కోసుకోవటం తప్ప ఏమీ ఉండదు. ఏసోబు కిటికీలోంచి చూశాడు, అక్కణ్ణుంచి కాలవ కనపడదు.

"ద్రోహి ఎట్టా ఉంటాడయ్యా? ఏం రాశారు?"

ఇన్నాళ్లకు ఒక మనిషి ఉత్తరువు మీద ఆసక్తి చూపించాడని విశ్వేశ్వరం పొంగిపోయి పేజీ తిప్పాడు. "వినవోయ్. 'ద్రోహి శాఖకు తెలియకుండ ఒక రహస్య కృత్యము చేసియుండవలెను. అతని నుండి స్వాధీనపరచుకొన్న ఆయుధ పరికరాదులను లక్కతో సీలు వేసి బీరువా యందు భద్రపరచవలెను. పతాక సన్నివేశమునకు ముందు ఎట్టి పరిస్థితిలోనూ, ఎంతటి అధికారి అయినను, సీలు తెరువరాదు. తెరచినచో ఫైలును మొదటి నుండి మరల ప్రారంభించవలెను.'"

"ఇంకోసారి చదవండయ్యా."

విశ్వేశ్వరం ఇంకోసారి చదివాడు. ఏసోబు తల పంకించి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. పక్క బల్ల దగ్గర ప్రసూన మేడం రాస్తున్న కలం ఆపి, అతను గేటు దాటేదాకా చూసింది.

మర్నాడు పొద్దున్నే చేలోకి దిగి ఏసోబు హ్యాండిలు కొస పగుల్లో పెట్టాడు. దిగింది. గట్టుమీద ఉన్న మీరావలిని పిలిచాడు.

"బాజీని పిలువు సాయిబూ. కప్పీ తెమ్మను. నలుగురు మనుషులు కావాలి."

మీరావలి కదల్లేదు. "మంజూరొచ్చిందా?"

"లేదు."

"ఏసోబన్నా, నీకు రెండేళ్లే ఉంది సర్వీసు. ఇప్పుడు గీత దాటితే పెన్షను కూడా పోద్ది. పంతొమ్మిదేళ్లు టెంపరరీగా చచ్చావు, దీనికోసమేనా?"

"హ్యాండిలు దిగింది సాయిబూ," అన్నాడు ఏసోబు. పగులు చూపించాడు.

మీరావలి పగులు వంక చూసి, పంచె ఎగ్గట్టి, బాజీ కొట్టు దిక్కు పరిగెత్తాడు.

నలుగురు కావాలంటే నలభైమంది వచ్చారు. బాజీ రాడ్డు అతికాడు. కప్పీతో షట్టరు పైకి లాగి పట్టుకున్నారు. అతుకు చల్లారేదాకా ఏసోబు చెయ్యి ఆనించి చూస్తూనే ఉన్నాడు. తర్వాత హ్యాండిలు తగిలించి తిప్పాడు. నలభైరెండు చుట్లు. నీళ్లు ముందు బుడబుడమన్నాయి, తర్వాత ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకున్నట్టు చప్పుడై పిల్లకాలవలోకి పడ్డాయి. నేల పగుళ్లు తాగే చప్పుడు గట్టుమీదకే వినిపించింది. ఎవరూ కేకలు పెట్టలేదు. ఒకావిడ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూచుంది, లేవమన్నా లేవలేదు.

ఏసోబు హ్యాండిలు క్యారేజీకి కట్టుకుని నేరుగా ఆఫీసుకు వెళ్లాడు.

"నేనేనండి ద్రోహిని," అన్నాడు.

ఆఫీసంతా లేచి నిలబడింది. టైపిస్టు కుర్చీ వేశాడు. అటెండరు పరిగెత్తి టీ తెచ్చాడు. ఏసోబుకు ఆ ఆఫీసులో కుర్చీ వెయ్యటం ముప్పైయొక్కేళ్లలో అదే మొదలు. ఈఈ గారు గదిలోంచి కుంటుకుంటూ వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఇన్నాళ్లకు నిబద్ధత గల ఒక ద్రోహి దొరికాడు! చూసి నేర్చుకోండయ్యా. రహస్య కృత్యం ఏమన్నా చేశావా?"

"చేశానండి."

"ఏమిటది?"

"రాసుకోండి సార్, చెబుతా. ముందు ఇది తీసుకోండి." హ్యాండిలు బల్లమీద పెట్టాడు. "దీంతోనే చేశా."

విశ్వేశ్వరం దానికి గుడ్డ చుట్టాడు. లక్క కరిగించి నాలుగు చోట్ల ముద్ర వేశాడు. సాక్షులు సంతకాలు పెట్టారు. బీరువాలో పెట్టి తాళం వేసి, తాళం మీద కూడా లక్క వేశాడు. అదంతా అయ్యేదాకా ఏసోబు టీ తాగాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి చెప్పాడు, "షట్టరు ఎత్తానండి. నీళ్లు పోతున్నయ్."

ఈఈ గారి ముఖం జీపు ఫోటోలో లాగా అయింది. "పోతున్నాయా? పతాక సన్నివేశం లేకుండానే? విశ్రాంతికి ముందే?" కేక పెట్టారు. "మూయించండి! వెంటనే దించండి! కథంతా బయటపడిపోతోంది!"

"దించాలంటే హ్యాండిలు కావాలి సార్," అన్నాడు విశ్వేశ్వరం.

"అయితే తియ్యండి!"

ప్రసూన మేడం లేచి నిలబడి, ఉత్తరువు చేతిలోకి తీసుకుని, ముఖంలో ఏ భావమూ లేకుండా చదివింది. "'ఎట్టి పరిస్థితిలోనూ, ఎంతటి అధికారి అయినను, సీలు తెరువరాదు. తెరచినచో ఫైలును మొదటి నుండి మరల ప్రారంభించవలెను.' నాయకుని ప్రవేశం నుంచి సార్. జీపు కూడా."

ఈఈ గారు మడమ తడుముకున్నారు. "వేరే హ్యాండిలు చేయించండి."

"దానికి వేరే ఫైలు పెట్టాలండి," అన్నాడు విశ్వేశ్వరం. "దానికి మళ్లీ ఒక ద్రోహి..." మాట పూర్తి చెయ్యకుండానే ఆఫీసులో అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"వద్దులెండి," అన్నారు ఈఈ గారు కూచుంటూ. "విశ్రాంతి ప్రకటించండి."

విశ్రాంతి పదిహేను రోజులని మొదలై, కమిషనరు గారి వీలు కుదరక రెండున్నర నెలలు సాగింది. సస్పెండైన మనిషి తూము దరిదాపులకు పోకూడదు. ఏసోబు పోలేదు. అవతలిగట్టున రోడ్డు వారగా కూచుని చూసేవాడు. షట్టరు ఎత్తింది ఎత్తినట్టే ఉంది. నీళ్లు ఎక్కువైనప్పుడు మీరావలీ మిగతావాళ్లూ పిల్లకాలవకు గడ్డీ మట్టీ వేసి అడ్డం కట్టుకున్నారు, తక్కువైనప్పుడు తీసుకున్నారు. వంతులు ఏసోబు అవతలి గట్టునుంచి చెయ్యి ఊపి చెప్పేవాడు. చెయ్యి ఊపకూడదని ఉత్తరువులో లేదు. పైరు ఈనింది, గింజ పాలుపోసుకుంది, పండింది. కోశారు, నూర్చారు, గడ్డివాములు వేశారు. ఎగువన కాలవ కట్టేశారు. అడుగున బురద కూడా ఎండింది.

అప్పుడు కమిషనరు గారికి వీలు కుదిరింది.

పతాక సన్నివేశానికి షామియానా వేశారు. పెద్ద గడియారం కర్రకు కట్టారు. విశ్వేశ్వరం సీలు పగలగొట్టి హ్యాండిలు తీశాడు. షట్టరు ఎత్తే ఉంది గనక ముందు వర్క్ ఇన్‌స్పెక్టరు చేత దానిని దించించారు. తర్వాత నాయకుడు ఎత్తాలి. ఈఈ గారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని హ్యాండిలు పట్టుకున్నారు. గడియారం మూడు నిమిషాలనుంచి వెనక్కి నడవటం మొదలైంది. ఏసోబును ద్రోహి గనక కట్టిన తాడుకు అవతల నిలబెట్టారు.

ఈఈ గారు ఉత్సాహం కొద్దీ తొందరగా తిప్పారు. ఇంకా తొమ్మిది సెకన్లు ఉండగానే షట్టరు పైకొచ్చేసింది. చివరి సెకనుకు ముందు పని పూర్తి కావటం నిబంధనలకు విరుద్ధం. అందుకని ఆయన ఆగకుండా, బలమంతా పెట్టి, తిరగని హ్యాండిలును తొమ్మిది సెకన్లూ తిప్పుతూనే ఉన్నారు. ఎక్కడో టక్కుమంది. ఆ చప్పుడు ఏసోబు ఒక్కడికే వినిపించింది. సున్నా పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. తూములోంచి ఒక కప్ప బయటికి దూకింది.

కమిషనరు గారు కుర్చీలోంచి ముందుకు వంగి చూశారు. "బాగుంది. చాలా బాగుంది. కాని... నీళ్లేవీ?"

ఈఈ గారు కళ్లద్దాలు తీశారు.

"చివర్న ఒక సందేహం మిగలాలి గదా సార్."

కమిషనరు గారు ఒక్క క్షణం ఆగి, లేచి, ఆయన భుజం తట్టారు. డివిజన్‌ను రాష్ట్రానికి ఆదర్శంగా ప్రకటించారు.

నాలుగు రోజులకు ఏసోబును ఆఫీసుకు పిలిచి కాగితం ఇచ్చారు. కుర్చీ వెయ్యలేదు. విశ్వేశ్వరం చదివాడు. "'లస్కరు ఏసోబు ద్రోహిగా తన విధులను సంతృప్తికరముగా నిర్వర్తించినందున సస్పెన్షను రద్దు చేయడమైనది. ఇట్టి అనుభవము గలవారు శాఖలో వేరొకరు లేనందున, ఇతని పదవీ విరమణ వరకు ఇతనినే ద్రోహిగా కొనసాగించుటకు అనుమతించడమైనది.' ఇక్కడ సంతకం."

ఏసోబు సంతకం పెట్టాడు. "హ్యాండిలండి?"

ప్రసూన మేడం తనే తెచ్చి చేతికిచ్చింది. "అంటుకున్న లక్క కొంచెం ఉంది ఏసోబూ, గీకేసుకో," అంది. ఆ మాట అని ఎందుకో నవ్వింది.

అతను పద్నాలుగో తూము దగ్గర సైకిలు ఆపి, రాడ్డు మీద చెయ్యి ఆనించాడు. బాజీ అతికిన చోటే సన్నగా చీలింది. ఇంకో పది చుట్లకు తెగుతుంది. కాలవకు నీళ్లు రావటానికి ఇంకా నాలుగైదు నెలలుంది.

ఆఫీసు ఎడమవైపు, బాజీ కొట్టు కుడివైపు. ఏసోబు హ్యాండిలు క్యారేజీకి కట్టి, సైకిలు కుడివైపుకు తిప్పాడు. ద్రోహానికి అనుమతి జేబులోనే ఉంది.